గృహనిర్వహణము: మూలపడిన రాగి బాయిలరు



పుష్యమాసపు చలి ముదిరినదనగానే మన కందఱకును వేన్నీళ్ళు జ్ఞాపకము వచ్చును. ఒకప్పుడు కలిగిన సంసారుల యిండ్లలో దొడ్డివైపున రాగి బాయిలరొకటి యుండెడిది. తెల్లవారుజామున ఇల్లాలు దానిలో నాలుగు కొబ్బరిడొక్కలు వేసి అంటించినచో, ప్రొద్దెక్కులోపల ఇంటిల్లిపాది స్నానములు ముగిసెడివి. తరువాత కరెంటు బాయిలర్లు వచ్చినవి, గ్యాసు వచ్చినది. రాగి బాయిలరు కొట్టుగది చేరినది. పెక్కు ఇండ్లలో పాతసామానులవాని తక్కెడ నెక్కి వెడలిపోయినది. మిగిలినవానిని ఇప్పుడు కొందఱు వెలికిదీసి, తోమించి, మరల వాడుకొన జూచుచున్నారు. సంతోషింపదగినదే. కాని అట్లు వెలికిదీయుటలో మా యింట జరిగిన పొరపాటొకటి కలదు. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. చెప్పకుండుట అంతకంటె తప్పు. కావున ఈ నెల ఈ పుట దానికే వినియోగించుచున్నాను.

గడచిన సంవత్సరము మా పెద్దమ్మాయి పురిటికి వచ్చియుండెను. బిడ్డ పుట్టిన కొద్దిదినములకే పెద్ద గాలివాన కొట్టి, మా యూర మూడుదినములు కరెంటు లేకపోయినది. గ్యాసు బండ ఒక్కటే మిగిలెను. అది వంటకే చాలునో చాలదో. బాలింతకు వేన్నీళ్ళు లేక జరుగునా? అప్పుడు మా అత్తగారి బాయిలరు నాకు స్ఫురించినది. నేనును పనిమనిషియు దానిని ఈడ్చికొని వచ్చి, చింతపండును ఉప్పును పెట్టి తోమితిమి. పచ్చగా పట్టిన చిలుమంతయు వదలి, రెండుగంటలలో అది క్రొత్తదానివలె తళతళలాడినది. బయట వాన కురియుచుండుటచేత దానిని స్నానాలగదిలోనే పెట్టితిని. గదిలో పొగ నిండునని కట్టెలు మాని బొగ్గులు వేసితిని. నీళ్ళు కాగినపిమ్మట వేడి వృథాగా పోకుండ పొగగొట్టముమీద మూత గూడ పెట్టితిని. ఎంత తెలివిగా చేసితినని లోలోపల మురిసికొంటిని కూడ.

అమ్మాయి లోనికిపోయి తలుపు వేసికొన్నది. కొంతసేపటికి వసారాలో మంచముమీదనున్న మా అత్తగారు, “పిల్ల చప్పుడు వినపడదేమే అమ్మాయీ?” అని అడిగిరి. పిలిచితిని, పలుకలేదు. మరల పిలిచితిని. తలుపు విరుగగొట్టి చూడగా పిల్ల గోడ నానుకొని కూలబడియున్నది. ఈవలికి మోసికొనివచ్చి గాలి తగులనిచ్చితిమి. చాలసేపటికి కన్నులు తెరచి, “తల పగిలిపోతోందమ్మా” అన్నది. ఆసుపత్రిలో ప్రాణవాయువు పట్టిరి. దైవము మేలుచేసినది, గండము గడచినది.

అత్తగారు నన్ను కోపపడలేదు. “మా రోజుల్లో బాయిలరు దొడ్లో చూరుకింద ఉండేది. గదిలోకి తెచ్చేముందు నన్నొక్కమాట అడిగితే నీ సొమ్మేం పోయిందే?” అని మాత్రమే అనిరి. ఆమాట నాకు నేటికిని గ్రుచ్చుకొనుచునే యున్నది.

ఆ గదిలో జరిగిన దేమనగా: గాలి చాలనిచోట బొగ్గు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులోని హీమోగ్లోబినుకు అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో అంటుకొనును; అంటుకొన్నచోట ప్రాణవాయువునకు చోటుండదు. తలనొప్పి, వికారము, కన్నులు తిరుగుట, పిదప స్మృతి తప్పుట — ఇది వరుస. స్మృతి తప్పినవారు తలుపు తీసికొనలేరు. పొగలేదు గనుక బొగ్గు క్షేమమని నేననుకొంటిని. నిజమునకు కట్టెపొగ కండ్లు మండించి మనలను బయటికి తఱుమును. బొగ్గు ఆ హెచ్చరికయైన చేయదు.

ఇంతకును ఆ దినమున నేను చేసినది మెరుగుపెట్టుట మాత్రమే. బాగుచేయుట వేఱు, మెరుగుపెట్టుట వేఱు. బాయిలరు బాగోగులు దాని పైచాయలో లేవు. లోని మూడు దారులలో నున్నవి. నీటిదారి, ఆవిరిదారి, పొగదారి. ఈ మూడును సరిగానున్న బాయిలరు నల్లగా మసిబట్టియున్నను మంచిదే. వీనిలో ఏ యొక్కటి మూసికొన్నను, బంగారమువలె మెరయుచున్నను, అది యింటిలో నుంచదగినది కాదు.

బాయిలరు అమరిక

ముందుగా దాని అమరిక తెలిసికొందము. బాయిలరనగా ఒక రాగిపీపా. దాని నడుమ అడుగునుండి పైదాక పోవు గొట్టము కలదు. గొట్టము అడుగున ఇనుప జల్లెడ, దానిమీద నిప్పు, దాని క్రింద బూడిద రాలుచోటు. నీరు గొట్టముచుట్టును నిలుచును. కావున మంటకు నలువైపుల నీరే. వేడి వృథాపోవుట తక్కువ.

పాత బాయిలర్లలో రెండు విధములు కనబడును. ఒకదానిలో కొళాయి అడుగున నుండును. రెండవదానిలో పైని గరాటుండి, దాని సన్ననిగొట్టము పీపా అడుగుదాక దిగియుండును. వేన్నీళ్ళు వచ్చుమార్గము పైభాగమున నుండును. గరాటులో చెంబెడు చన్నీళ్ళు పోసినచో అవి బరువైనవి గనుక అడుగుననే నిలిచి, పైన తేలియున్న వేన్నీళ్ళను చెంబెడు వెలికి త్రోయును. పోయనిదే రావు. కావున ఈ రెండవవిధపు బాయిలరు వాడుచున్నంతసేపు నిండుగనే యుండును. అడుగున కొళాయిగల దానిలో నట్లుకాదు. మాటలలో పడి నీళ్ళన్నియు పట్టుకొన్నచో క్రింద నిప్పు మండుచుండగనే పీపా వట్టిదగును. మీ యింటనున్నది ఏ విధముదో ముందు చూచుకొనుడు.

నీటిదారి

మా బాయిలరును చూచుటకు వచ్చిన ముసలి కంచరి దానిని వ్రేళ్ళకణుపులతో తట్టిచూచి, “రాగి పోలేదమ్మగారూ, మాటు పోయింది. ఎప్పుడో నీళ్ళు లేకుండా మంట పెట్టుంటారు” అనెను. అతని మాటకు కారణ మిది. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడి కావలయును. తగరము 232 డిగ్రీలకే కరగును; తగరము సీసము కలిపిన మాటు అంతకుముందే, సుమారు 190 డిగ్రీలకు మెత్తబడును. నీరున్నంతసేపు, క్రింద ఎంత మంటయున్నను, లోని నీరు 100 డిగ్రీలు దాటదు గనుక అతుకు చెడదు. నీరు తరిగి అతుకు బయటపడిన కొద్ది నిమిషములలో మాటు జారిపోవును. రాగిని కాపాడునది రాగి కాదు, నీరే.

నిప్పు తగులు భాగమున మరల తగరపుమాటు వేయింపరాదు. వెలిగారము చల్లి ఇత్తడితో అతికింపుమని అడుగవలయును. ఆ అతుకు 800 డిగ్రీలకు పైన గాని కరగదు. ఇట్టిపని తెలిసిన కంచరివారు ఇప్పుడు అరుదైనను లేకపోలేదు. పెరవలి మండలములోని అజ్జరమును, శ్రీకాకుళము జిల్లాలోని బుడితియు ఇత్తడి కంచుపనులకు పేరుపడిన గ్రామములు. మీ సమీపమున పాత్రలు చేయువా రెవరైన నున్నచో ముందు వారినే అడుగుడు.

కారుచున్న తావు కనిపెట్టుట మనకు సాధ్యమే. నిప్పు లేకుండ నీరు నింపి, పైభాగమంతయు పొడిగా తుడిచి, అతుకుల వెంబడి సుద్దముక్కతో మందముగా రుద్దవలయును. ఒక రాత్రి విడిచిపెట్టినచో సన్నని చెమ్మయున్నను సుద్ద నల్లబడి చెప్పును. నడిమి గొట్టపు అతుకు కంటికి కనబడదు గనుక జల్లెడక్రింద పాతకాగితము పరచియుంచుడు. తెల్లవారునప్పటికి అది తడిసియున్నచో గొట్టము కారుచున్నదని యర్థము.

రెండవ శత్రువు గార. బావినీటిలోను బోరునీటిలోను కరగియున్న సున్నము వేడికి విడివడి గొట్టముచుట్టును తెల్లని పెచ్చుగా పట్టును. ఇది వేడిని చేరనిచ్చుటలో రాగికంటె నూరురెట్లకు మించి బద్ధకమైనది. పాత బాయిలరులో నీరు ఎంతకును కాగుట లేదనిన, తప్పు కట్టెలది కాదు, ఈ పెచ్చుది. గోరువెచ్చని నీటిలో, 10 లీటర్లకు 200 గ్రాముల చొప్పున, నిమ్మఉప్పు కలిపి పోసి, గరాటు తెరచియుంచి, ఒకపూట కదలింపక యుంచుడు. బుడబుడమని బుడగలు వచ్చును. సున్నము కరగుటకు అదే గుర్తు. బుడగలు ఆగినపిదప ఆ నీరు పారబోసి, మంచినీటితో రెండు మూడుమారులు తొలుపవలయును. పెచ్చు మందమైనచో మరల ఒకమారు చేయుడు. మరుగుదొడ్లు కడుగు ఘాటైన ఆమ్లమును మాత్రము వాడకుడు. అది సున్నముతోబాటు అతుకులను ఇత్తడి కొళాయిని గూడ తినివేయును.

ఆవిరిదారి

అతుకులు వేయించి తెచ్చినపిదప కొళాయిల పనివాడొకడు మా యింటికి వచ్చెను. “చెంబులతో పోసుకోవడం ఎందుకండీ? గరాటు మూసేసి, మేడమీది తొట్టినుంచి గొట్టం కలిపి, చివర ఒక కొళాయి బిగిస్తే తిప్పగానే వేన్నీళ్ళు” అని సలహా చెప్పెను. వినుటకు ఎంతో సౌకర్యముగా నున్నది. నే నొప్పుకొనలేదు. మీరును ఒప్పుకొనవలదు.

ఎందుకనగా, నీరు వేడెక్కిన ఉబ్బును. 40 లీటర్ల నీరు మామూలు వేడినుండి మరుగువేడికి వచ్చుసరికి సుమారు లీటరున్నర పెరుగును. అందుకే నిండా పోసిన బాయిలరు కాగునప్పుడు గరాటులోనుండి నీరు పొంగును. అది దోషము కాదు. మరిగి ఆవిరియైనచో ఒక లీటరు నీరు 1600 లీటర్లకు పైగా చోటు కోరును. గరాటు తెరచియున్నంతసేపు ఆ ఆవిరి బుస్సుమని పోవును. దానిని బిగించి కొళాయి కట్టినచో ఆవిరి పోవుటకు దారియుండదు; పలుచని రాగిరేకు దానిని ఆపజాలదు. చలిదేశములలో ఇల్లంతయు వెచ్చజేయుటకు వాడు పెద్ద కట్టెల బాయిలర్లకు గూడ, నీరు ఉబ్బుటకు వేఱుతొట్టియో, ఆవిరి మించినప్పుడు తనంత తెరచుకొను మరయో తప్పక అమర్చెదరు. మన బాయిలరుకు ఆ మర లేదు. దానికి మారు గరాటే. పిల్లలు గరాటులో గుడ్డ దోపకుండను, సాలీడుగూడో ఎండుటాకులో దానిలో చేరకుండను చూచుకొనుట నిత్యపు పని.

పొగదారి

మూడవది అన్నిటికంటె ముఖ్యము; మా అమ్మాయిని ప్రాణాపాయమునకు తెచ్చినది ఇదే. బాయిలరు ఉండవలసినచోటు ఆరుబయట. లేదా మూడువైపుల తెరచియున్న చూరుక్రింద. గది లోపలికి కాగిన నీళ్ళే రావలయును, నిప్పు రాగూడదు. కిటికీ తెరచితిమి గదా యను ధైర్యము చాలదు. బొగ్గులు నివురుగప్పి చల్లారినట్లు కనబడునప్పుడు గూడ ఆ విషవాయువు వచ్చుచునే యుండును.

గొట్టమును నెలకొకమారైన దులుపవలయును. వెదురుకఱ్ఱకు కొబ్బరిపీచు కట్టి పైనుండి క్రిందికి ఆడించినచో మసి రాలిపోవును. మసి గారవలెనే వేడిని అడ్డగించును, గాలి నడకను గూడ మందగింపజేయును. జల్లెడకమ్ములు తుప్పుపట్టి వంగియున్నచో కమ్మరిచేత వ్రేలెడు సందులతో క్రొత్తవి వేయింపుడు. క్రిందినుండి గాలి రానిచో మంట సరిగా మండదు, పొగ హెచ్చగును. బూడిద ప్రతిదినము తీసివేయవలయును. గొట్టముమీది మూతను నిప్పుండగా ఎన్నడును పెట్టకుడు. అది వానచినుకు పడకుండుటకు, నిప్పు లేనివేళ పెట్టుటకు మాత్రమే. ఆ సంగతి తెలియకనే నే నొక నిండుప్రాణమును తీసియుందును.

వంటచెఱకు

పచ్చికట్టె బరువులో సగము వఱకు నీరే యుండును. దానిని మండించిన, మన కట్టెల వేడి దాని నీటినే కాచుటకు పోవును. పొగ మాత్రము మనకు మిగులును. చీల్చి, వానతగులనిచోట ఒక వేసవి ఎండినకట్టె మేలు. సరుగుడు, తుమ్మ, కొబ్బరిడొక్కలు మంచివి. రంగువేసిన చెక్క, జిగురుపెట్టి అతికిన పలకలు, ప్లాస్టిక్కు సంచులు నిప్పులో వేయరాదు. వాని పొగ విషము.

ఎంత కట్టె కావలయునో లెక్క చెప్పెదను. 40 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు 800 కిలోకేలరీల వేడి కావలయును. బాగుగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3500 కిలోకేలరీల నిచ్చును. సగము వేడి గొట్టమువెంట పోయినదనుకొన్నను అరకిలో కట్టె చాలును. అదే నీటికి కరెంటు ఒక యూనిటు కంటె కొంచెము తక్కువ పట్టును. రెండు కిలోలు కాల్చినను మీ బాయిలరు కాగకున్నచో, గారయో మసియో తడికట్టెయో కారణమని తెలిసికొనుడు.

ఏ నీరు దేనికి

ఈ నీరు స్నానమునకు, బట్టలకు మాత్రమే. పాత మాటులలో సీస ముండును. వేడినీటిలో అది మరింతగా దిగును. సీసము పసివారి మెదడునకు మిక్కిలి కీడు చేయును. కావున బాయిలరు నీటిని త్రాగుటకుగాని, పాలడబ్బా కడుగుటకుగాని, బియ్యపు ఎసటికిగాని వాడరాదు. ఆత్రమువలన ‘ఎటులనైన వేడినీళ్ళే గదా’ యని చెంబుతో వంటింటికి తెచ్చువారు కలరు, వారిని మాన్పింపుడు.

బకెట్టులో మొదట చన్నీరు పోసి, పిమ్మట వేన్నీరు కలుపుట నియమముగా పెట్టుకొనుడు. 60 డిగ్రీల నీరు కొద్ది క్షణములలోనే పెద్దవారి చర్మమును గూడ కాల్చును. పసివారి చర్మము ఇంకను త్వరగా కాలును. వేన్నీళ్ళ బకెట్టును వట్టిగా పెట్టి, చన్నీళ్ళు తెచ్చుటకు పోయినంతలో జరిగిన ప్రమాదము లెన్నో.

ఇంత చెప్పినపిదప ఒకటి అడుగుదురు: ఇన్ని జాగ్రత్తలు పడి ఈ పాతవస్తువు నేల ఉంచుకొనవలె నని. పాతది గనుక మంచిదని నేననను. పొగచేత మన తల్లులు, అత్తలు పడిన బాధ చిన్నది కాదు. ఇండ్లలోని పొగ కారణముగా 2020వ సంవత్సరమున ప్రపంచమున 32 లక్షలమంది అకాలమరణము చెందిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1999లో వచ్చిన దీపము పథకము, దేశమంతట 2016లో వచ్చిన ఉజ్వల పథకము గ్యాసు పొయ్యిని పేదయిండ్లకు చేర్చినది ఈ పొగనుండి తప్పించుటకే. ఆ మేలును కాదని ప్రతిదినము మరల పొగలోనికి పొమ్మని ఎవరు చెప్పుదురు? గాలివాననాడు, కరెంటులేనినాడు, ఇంట పెండ్లియై నలువదిమంది స్నానములకు నిలిచిననాడు బాయిలరు వంటి అక్కఱతీర్చునది లేదు. అట్టిదినములకై దానిని సిద్ధముగా నుంచుకొనుట వివేకము. ఆ దినము వచ్చినపిదప కొట్టుగదినుండి తీసి, తోమి, అంటించుట అవివేకము. నేను చేసినది రెండవదే.

ఇప్పుడు మా బాయిలరు దొడ్డిలో చూరుక్రింద, నాలుగిటుకలమీద, వాలు లేకుండ నిలిచియున్నది. మునుపటంత మెరుపు లేదు, తోమించుటయు తగ్గించితిని. సంక్రాంతికి అమ్మాయి బిడ్డతో వచ్చినది. భోగినాటి తెల్లవారుజామున నేను అగ్గిపెట్టె తీయగానే మా అత్తగారు మంచముమీదనుండియే కేకవేసిరి: “నీళ్ళు నిండా పోశావా? గరాటు చూశావా? మూత తీశావా?” మూటికిని అవునని చెప్పినపిదప గాని పుల్ల గీయనీయలేదు. మనుమని తలంటి ఆ నీటితోనే జరిగినది. అమ్మాయి తలుపు తెరచియుంచియే వానికి నీళ్ళు పోసినది.

మీ యింట మూలపడిన బాయిలరున్నచో, తోముటకు ముందు ఈ మూడు ప్రశ్నలను దానికి వేయుడు. ఇంటిలో పెద్దలున్నచో వారినొక్కమాట అడుగుడు. వంటపాత్రలకు కళాయి వేయించుటను గూర్చి పలువురు సోదరీమణులు వ్రాయుచున్నారు. ఆ సంగతి వచ్చు సంచికలో ముచ్చటించెదను.